జాలీ గొడుగు, క్యూఆర్ గడి

టీచర్లకు తెర మీద శిక్షణ ఇవ్వడం మన దగ్గర కరోనాతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. మా పెద్దసారు ఫోనులో నవ్వేదాకా నేనూ అలాగే అనుకున్నాను. 1998 డీఎస్సీలో సైన్సు టీచరుగా చేరినప్పుడు నా మొదటి హెడ్మాస్టరు ఆయన. 2020 చివర్లో ఒకరోజు మంచీచెడ్డా మాట్లాడుకుంటూ, "ఇప్పుడు ట్రైనింగులన్నీ ఫోన్లోనే సార్, మీ కాలంలో ఈ గోల లేదు" అన్నాను.

"మా కాలంలో ఆకాశం నుంచే దిగిందప్పా ట్రైనింగు. పన్నెండు దినాలు" అన్నారు.

కర్నూలు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన రోజుల్లో, ఉపగ్రహం నుంచి బొమ్మ వచ్చే టీవీ ముందు కూర్చుని సైన్సు ఎలా చెప్పాలో నేర్చుకున్నారాయన. నలభై అయిదేళ్ల తర్వాత నేను ఫోను ముందు కూర్చుని, కంప్యూటరుతో పాఠం ఎలా చెప్పాలో నేర్చుకున్నాను. నేర్చుకున్నానని సర్టిఫికెట్ కూడా ఉంది. ఈ రెండు శిక్షణలనూ పక్కపక్కన పెట్టి చూడాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

పాతదానితో మొదలుపెడతాను. దాన్ని ఇంగ్లీషు పొట్టి పేరుతో 'సైట్' అనేవాళ్లు, ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే టెలివిజన్ ప్రయోగం. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది. ఉపగ్రహం మనది కాదు. నాసా వాళ్ల ఏటీఎస్-6ను ఏడాది పాటు అరువు తెచ్చుకున్నాం. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలు వెళ్లాయి, మన వైపు కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. ఆ టీవీలు తయారైంది హైదరాబాదు ఈసీఐఎల్‌లో. బయట మూడు మీటర్ల యాంటెన్నా, కోళ్ల గూళ్లకు బిగించే ఇనుప జాలీతో చేసింది, తిరగేసిన గొడుగులా ఉండేది. తెలుగు కార్యక్రమాలు తయారుచేయడానికి హైదరాబాదులో ఒక కేంద్రం పెట్టారు కానీ, ఆ ఊళ్లో మామూలు దూరదర్శన్ ప్రసారాలు 1977లో గానీ మొదలవలేదు. అంటే కర్నూలు పల్లె టీవీ చూసిన రెండేళ్లకు రాజధాని చూసింది. అలాంటి జాలీ గొడుగు ఒకటి కొలంబోలో ఆర్థర్ క్లార్క్ ఇంటికి కూడా చేరింది. ఉపగ్రహాలతో ప్రసారాలు చేయవచ్చన్న ఊహ రాసిన పెద్దమనిషి కదా, ఇస్రో వాళ్లు ఆ మర్యాద చేశారు.

పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరివాళ్లకు కార్యక్రమాలు. ఈ రెండింటికీ పక్కన, అంతగా ఎవరికీ గుర్తులేని మూడో పని ఒకటి జరిగింది. అదే ప్రాథమిక టీచర్లకు సైన్సు శిక్షణ. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన పాఠాలు, ఒక్కో విడత 12 రోజులు. ఏడాదిలో రెండు విడతలు కలిపి సుమారు 50 వేలమంది టీచర్లు ఆ శిక్షణ తీసుకున్నారు. టీవీ ఒక్కటే కాదు, రేడియో పాఠాలు, అచ్చు పుస్తకాలు, చేతులతో చేసే ప్రయోగాలు, గదిలో నడిపించే ఒక మనిషి, అన్నీ కలిసిన ఏర్పాటు అది.

ఇక కొత్తది. టీచర్ల శిక్షణకు 2019 ఆగస్టు 21న కేంద్రం 'నిష్ఠ' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దేశంలో సుమారు 42 లక్షలమంది ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయి టీచర్లకు ఎదురెదురుగా కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వాలన్నది లెక్క. ఏడాది తిరగకముందే కరోనా వచ్చింది, బడులు మూతపడ్డాయి. ఎదురెదురు శిక్షణ కాస్తా ఫోనులోకి దిగింది. ఆ ఆన్‌లైన్ రూపం దేశంలో మొదట మొదలైంది మన దగ్గరే. 2020 జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతో ప్రారంభించారు. ఆ అక్టోబరు నుంచి 18 మాడ్యూళ్లు, అందరికీ. వేదిక 'దీక్ష'. దాన్ని 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. మన పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనిపించే నలుపు తెలుపు గడి, అదే క్యూఆర్ కోడ్, ఆ దీక్ష ఇంటికి వాకిలి. 18 మాడ్యూళ్లలో ఒకటి అచ్చంగా మనం మాట్లాడుకుంటున్న విషయమే: బోధనలో, అభ్యసనంలో, మూల్యాంకనంలో ఐసీటీ, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ లాంటి సమాచార సాంకేతికత.

కాగితం మీద కొత్తదానికి ఎన్నో మెట్ల ఆధిక్యం ఉంది. నేనేమీ పాతకాలపు భజన చేయడానికి కూర్చోలేదు కాబట్టి ముందు అదే ఒప్పుకుంటాను. సైట్ టీవీని ఆపడం కుదరదు. బొమ్మ వస్తున్నప్పుడు మీరు దగ్గితే ఆ ముక్క పోయినట్టే. కరెంటు పోతే ఆ రోజు పాఠం పోయినట్టే. టీవీ చెబుతుంది, వినదు. పొద్దుటి కార్యక్రమం ఏ గంటకు వస్తే ఆ గంటకే మీ బడి టైంటేబుల్ సర్దుకోవాలి. మీ తరగతిలో ఆ వారం నడుస్తున్నది మొక్కల పాఠమైనా, తెర మీద గ్రహాలు వస్తే గ్రహాలే. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని అమెరికావాళ్లు వెనక్కి తీసుకుపోయారు, పాఠాలు కూడా దానితోనే పోయాయి. ఆ 12 రోజుల శిక్షణలో ఏం చూశారో ఇవాళ మీకో నాకో చూపించమంటే మా పెద్దసారు దగ్గర జ్ఞాపకం తప్ప మరేమీ లేదు.

ఫోను అలా కాదు. ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, మా ఆవిడ వంట చేస్తుంటే వినవచ్చు, రాత్రి పదకొండింటికి చూడవచ్చు. ఎండాకాలం సెలవుల్లో నాలుగేళ్ల కిందటి మాడ్యూల్‌ని వెతికి తీయవచ్చు. మారుమూల ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే టీచరు బడికి తాళం వేసి శిక్షణకు పోనక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. ఏకోపాధ్యాయ బడిలో సారు రెండు వారాలు శిక్షణకు పోతే ఆ రెండు వారాలూ ఆ పిల్లలకు బడి లేనట్టే, ఈ సంగతి శిక్షణల ప్రణాళిక వేసేవాళ్లకు ఎప్పుడూ పూర్తిగా తట్టదు.

అయినా ఆ 12 రోజుల గురించి పెద్దసారు ఇప్పటికీ చెబుతారు. నా 18 మాడ్యూళ్లలో ఒక్కదాని పేరు తప్ప నాకేదీ గుర్తులేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నన్ను తొలిచింది.

ఆయన చెప్పినంతవరకు ఆ గది ఇలా ఉండేది. ముందు టీవీ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ప్రాథమిక టీచర్లు కింద చాపల మీద. బొమ్మలో ఒకాయన ఫ్యూజు పోయిన బల్బు అడుగు ఊడదీసి, లోపలి తీగలు తీసేసి, నీళ్లు పోసి, దాన్ని భూతద్దంలా పట్టుకుని చూపించాడు. టీవీ ఆగిపోయాక నడిపించే ఆయన ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాలిపోయిన బల్బు పెట్టాడు. "సగం మందిమి పగలగొట్టుకున్నామప్పా. నాకు బొటనవేలు కోసుకుంది. మూడో బల్బుకు వచ్చింది" అన్నారు. పక్కూరి టీచరు ఆయనకు కిటుకు చూపించాడట, అడుగున ఉండే నల్ల గాజును ముందు మెల్లగా కొట్టాలని. ఆ బల్బు భూతద్దంతో ఆయన రిటైరయ్యేదాకా పాఠం చెప్పారు. నేను చేరిన కొత్తలో ఆయన గది బీరువాలో అలాంటివి నాలుగైదు ఉండేవి, నీళ్లు పోసి మూతులు మైనంతో మూసినవి. అవి ఎక్కడివో అప్పట్లో నేను అడగలేదు.

ఇప్పుడు నా వైపు. 2020 నవంబరు, రాత్రి, మంచం మీద. ఐసీటీ మాడ్యూల్. ఒక వీడియో, చదవడానికి కొంత, 'ఆలోచించండి' అని ఒక పెట్టె, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు. వీడియోను వదిలేసి ముఖం కడుక్కుని వచ్చాను, అది పూర్తయినట్టు టిక్ పడింది. ప్రశ్నలకు వాట్సాప్ గ్రూపులో జవాబులు అప్పటికే తిరుగుతున్నాయి, ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ అని. నేనూ చూశాను. దాచుకోవడమెందుకు, చూశాను. తప్పు నాది, ఎవరూ నా చేయి పట్టుకుని కొట్టించలేదు. మాడ్యూల్‌లో ఉన్న విషయం చెడ్డదేమీ కాదు, తర్వాత తీరిగ్గా చదివితే కొన్ని పేజీలు బాగానే ఉన్నాయి. కానీ ఆ రాత్రి నా పక్కన బల్బు పగలగొట్టుకునేవాడు లేడు. నా చేతిలోనూ బల్బు లేదు.

ఫోను మీద నింద వేసేముందు ఒక మాట చెప్పాలి. ఆ ఫోనుకు ఆ తర్వాతి సంవత్సరాల్లో టీచరు దగ్గర వేరే పేరు వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, 2022 నుంచి ముఖం చూపించి వేసే హాజరు, అన్నీ దాని మీదే పడ్డాయి. పొద్దున బడిలో అడుగుపెట్టగానే ఫోను పని చెబుతుంది. సాయంత్రం అదే ఫోను పాఠం చెబుతానంటే దానికి ఇచ్చే మర్యాద ఎంత ఉంటుంది? 1975లో ఆ టీవీ టీచరుకు పైవాడి కన్ను కాదు, ఊరందరితో పాటు తానూ నోరు తెరుచుకుని చూసిన వింత. ఈ తేడాను శిక్షణ ఖాతాలో వేయలేం, కానీ శిక్షణ ఎలా అందిందో మాట్లాడేటప్పుడు వదిలేయనూ లేం.

ఇంకో సంగతి, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పెద్దసారు శిక్షణలో టీవీ గురించి ఏ ఊసూ లేదు. టీవీ ఎలా పనిచేస్తుంది, తరగతిలో టీవీని ఎలా వాడాలి, టీవీ వల్ల లాభాలు ఎన్ని, ఒక్క ముక్క కూడా చెప్పలేదట. టీవీ సైన్సు చెప్పింది, ఆయన సైన్సు నేర్చుకున్నారు. నా శిక్షణలో ఐసీటీయే పాఠం. ఐసీటీ అంటే ఏమిటి, రకాలు, ఉపయోగాలు, జాగ్రత్తలు. ఈత గురించి పద్దెనిమిది పేజీలు చదివి బావి గట్టు మీద నిలబడ్డట్టు ఉంటుంది. ఫలానా పాఠంలో ఫలానా చోట పిల్లవాడు ఇరుక్కుంటున్నాడు, అక్కడ ఏ పనిముట్టు పనికొస్తుంది అని ఎవరైనా మొదలుపెట్టి ఉంటే ఐసీటీ దానంతటదే వచ్చేది. ఇక మన శిక్షణ పుస్తకాల భాష సంగతి తెలిసిందే. 'నిర్మాణాత్మక మూల్యాంకనం', 'సమ్మిళిత వాతావరణం' అని రాసే చేయికి తరగతిలో ఆ మాట ఎవరూ అనరని తెలియదనుకోను.

గట్టు మీద నిలబడ్డ రోజు కూడా వచ్చింది. మా తరగతి గదిలో గోడకు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్ బిగించారు. సర్టిఫికెట్ ఉన్నవాణ్ని, నేనే ముందు వెళ్లాను. పుస్తకంలో గడి ఉంది, ప్యానెల్‌కు కెమెరా లేదు. ఫోనుతో స్కాన్ చేశాను, వీడియో ఫోనులో వచ్చింది, ప్యానెల్ నల్లగానే ఉంది. ఫోనును పైకెత్తి పిల్లలకు చూపించడం మొదలుపెట్టాను, యాభైమందికి అయిదంగుళాల తెర. వెనక బెంచీలో ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, గడి కింద అక్షరాలు ఉన్నాయి కదా, అవి అక్కడ కొట్టండి సార్" అంది. చూస్తే నిజమే. ప్రతి గడి కిందా ఆరు అక్షరాల కోడ్ ఒకటి అచ్చు వేసి ఉంటుంది, ప్యానెల్‌లో దీక్ష తెరిచి అది కొడితే పాఠం వస్తుంది. ఎన్నేళ్లుగానో ఆ పుస్తకం నా చేతిలోనే ఉంది, ఆ ఆరు అక్షరాలు నాకు కనపడలేదు. ఆ అమ్మాయికి వాళ్లన్న దగ్గర తెలిసిందట.

సరే, వీడియో వచ్చింది. పిల్లలు బుద్ధిగా చూశారు, నేను పక్కన నిలబడ్డాను. పది నిమిషాలు నాకు చేయడానికి ఏమీ లేదు, గొడవ చేసేవాళ్లను అదిలించడం తప్ప. ఈ మాట పెద్దసారుతో అన్నప్పుడు ఆయన అందుకున్నారు: "పొద్దున టీవీ వచ్చేటప్పుడు నేనూ అంతే. పిల్లలను వరసలో కూర్చోబెట్టడం, టీవీ ముట్టుకోకుండా చూడటం. కాపలావాణ్ని." అంటే టీచర్ల శిక్షణలో అంత బాగా పనిచేసిన సైట్, పిల్లల కార్యక్రమాల దగ్గర మాత్రం టీచరును గోడకు నిలబెట్టేసింది. అదే ఉపగ్రహం, అదే టీవీ. గదిలో పనుంటే అందరూ నేర్చుకున్నారు, లేకపోతే చూశారు. ఇవాళ్టి ప్యానెల్ మీద వీడియో నొక్కి పక్కకు జరిగే మేమందరం ఆ 1975 కాపలా ఉద్యోగంలోనే ఉన్నాం, తెర మాత్రం రంగులది.

నేను ఆ ఉద్యోగం నుంచి కొంచెం బయటపడింది శిక్షణ వల్ల కాదు, చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశం వల్ల. పక్క మండలం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక టీచరమ్మ భోజనాల తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, "అన్నా, ఇది చూడండి" అని ఫెట్ సిమ్యులేషన్ చూపించింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. డబ్బు కట్టనక్కర్లేదు, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, ముందే దింపుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. బ్యాటరీ, తీగలు, బల్బులు ఉన్న పెట్టె అది. వేలితో లాగి కలుపుకోవాలి. ఆమె మౌస్ నాకిచ్చి చేయమంది. నేను బ్యాటరీ రెండు కొనలనూ బల్బు లేకుండా నేరుగా తీగతో కలిపాను. మంటలు లేచాయి. తెర మీద బొమ్మ మంటలే, అయినా చేయి వెనక్కి లాక్కున్నాను, చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. నలభై నిమిషాల్లో నలుగురం అది నేర్చుకున్నాం. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

తర్వాతి వారం పదో తరగతిలో విద్యుత్తు పాఠానికి ప్యానెల్ మీద అదే పెట్టాను. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి కలిపారు. మూడు బల్బులను వరసగా కలిపితే వెలుగు ఎలా ఉంటుందో ముందు చెప్పి, తర్వాత కలిపి చూసుకున్నారు. మంటలు అందరికీ కావాలి, ఆ గంటలో ఎన్నిసార్లు షార్ట్ సర్క్యూట్ అయిందో లెక్కలేదు. మర్నాడు టార్చి సెల్లులు, చిన్న బల్బులు, రాగి తీగ తెచ్చి అదే పని చేతితో చేయించాను. సగం బల్బులు వెలగలేదు. సిమ్యులేషన్‌లో లూజు కాంటాక్టు ఉండదు కదా. తీగకు చిలుము పట్టదు, సెల్లు సగం అయిపోయి ఉండదు. ఎందుకు వెలగలేదో వెతకడంలో మిగిలిన గంట గడిచింది. ఆ గంట విద్యుత్తు పాఠంలో నేను ఇన్నేళ్లలో చెప్పిన అన్నింటికంటే మంచి గంట. తెర మీద మంట లేకపోతే తీగ పట్టుకునే ధైర్యం వాళ్లకు వచ్చేది కాదేమో, చేతిలో తీగ లేకపోతే తెర మీది బల్బు ఒట్టి ఆటగానే ఉండిపోయేదేమో. రెండింటిలో ఏది ముందు పెట్టాలన్న దాని మీద మాకు, ఆ టీచరమ్మకు ఇంకా వాదం తేలలేదు. ఆమె సెల్లులు ముందు అంటుంది.

కాబట్టి నా తీర్పు. పనిముట్టుగా ఆ నలుపు తెలుపు గడికి జాలీ గొడుగు ఏ రకంగానూ సాటిరాదు. శిక్షణగా చూస్తే జాలీ గొడుగు కింద కూర్చున్నవాళ్లు మాకంటే అదృష్టవంతులు, అయితే అది గొడుగు గొప్పతనం కాదు, గదిలో పగిలిన బల్బుల గొప్పతనం. ఆన్‌లైన్ శిక్షణలు వద్దని నేననను. తర్వాతి విడతల్లో క్విజ్‌లో 70 శాతం వస్తేనే సర్టిఫికెట్ అని పెట్టారు. క్విజ్‌ను బిగించినంత మాత్రాన వాట్సాప్ గ్రూపు మూగబోదు. మాడ్యూల్ ఇంటి దగ్గర చూసి, దానికి సంబంధించిన ఒక్క పని నలుగురం కలిసి కాంప్లెక్స్‌లో చేయమంటే, ఆ జవాబులు పంచుకునే అలవాటే మంచి అలవాటు అవుతుంది. పక్కవాడి దగ్గర కిటుకు నేర్చుకోవడాన్ని 1975లో శిక్షణ అన్నారు, 2020లో కాపీ అన్నారు.

కాంప్లెక్స్ సమావేశాలు నడిపే పెద్దలకు ఒక్క విన్నపం. వచ్చే సమావేశంలో ప్రసంగాలు కొంచెం తగ్గించి, భోజనాలయ్యాక ఒక గంట మాకివ్వండి. ఆ గదిలో ప్యానెల్ ఉంటే ఆన్ చేసి ఉంచండి, ప్రతి టీచరూ తన పాఠం ఒకటి దాని మీద ముట్టుకుని చేసి చూపించాలి, తప్పు చేసినా సరే. టార్చి సెల్లులు, తీగ, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేను తెస్తాను. కాలిపోయిన బల్బులు మీ ఇళ్లలో ఉంటే పారేయకండి, పట్టుకురండి. గాజువే కావాలి, ఎల్‌ఈడీవి పనికిరావు.